గృహనిర్వహణము: పాత కప్పు దించిన పిదప



ఇల్లు కట్టు విధమును దెలుపు గ్రంథములు మనకు పెక్కులు గలవు. కట్టిన యింటిని విప్పు విధమును, విప్పగా వచ్చిన రాళ్ళురప్పలను ఎచ్చట వేయవలయునో దెలుపు గ్రంథములు మాత్రము మిక్కిలి యరుదు. మయమతమున జీర్ణమైన కట్టడముల నుద్ధరించుటను గూర్చి ప్రత్యేకముగా నొక యధ్యాయమే కలదు. కాని దానిని సాంతముగా పఠించిన యిల్లాలికైనను, తన వాకిట మోకాలి లోతున పడియున్న పెంకుముక్కలను, సున్నపుబెడ్డలను, మేకులు దిగిన బద్దలను జూచినప్పుడు కలుగు దిగులు తీరదు. ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని పెద్దలు సెలవిచ్చిరి. ఇంటికప్పు మార్చి చూడుమని కూడ చేర్చియుండిన బాగుండెడిదని గడచిన ఫాల్గుణమున మా యింటి పెంకుకప్పును, పెరటి రేకుల సావడిని దించి మార్పించుకొన్నప్పుడు నాకు తోచినది.

ఈ శిథిలమును మేస్త్రీలు రద్దు అందురు. మాట చిన్నదే గాని భారము పెద్దది. క్రొత్త కప్పునకు ఎంత యినుము, ఎంత సిమెంటు, ఎందరు కూలీలు అని పురుషులు కాగితము మీద లెక్కలు వ్రాసికొందురు. ఆ కాగితమున రద్దు తోలించుటకు ఒక పంక్తియైన నుండదు. పని మొదలైన నాడు వారు బడికో కచ్చేరికో వెడలిపోవుదురు. పగలెల్ల మేస్త్రికి సమాధానము చెప్పుచు, కూలీలకు మంచినీరిచ్చుచు, దుమ్ము వంటయింటిలోనికి రాకుండ తలుపులు మూయుచు నుండునది యిల్లాలు. "అమ్మగారూ, ఇది ఎక్కడ పోయమంటారు?" అను ప్రశ్న ఆమెకే వచ్చును. అందుచేత నీ పత్రికలో దీనిని గూర్చి వ్రాయుట అనుచితము గాదని తలంచుచున్నాను.

మొదట కాలము. ఈ పనిని వానలకు ముందే ముగించుకొనవలయునని అందరికిని తెలియును. కాని రోహిణికార్తె యెండలలో మనుష్యులను కప్పుమీదికి ఎక్కించుట పాపము. ఫాల్గుణ చైత్రములు మేలు. మృగశిర ప్రవేశించు నాటికి క్రొత్త కప్పు నిలుచుట మాత్రమే చాలదు, పాత రద్దు వాకిటనుండి కదలిపోవలయును. తడిసిన సున్నము, మన్ను బరువెక్కి పారకు లొంగవు. పైగా మొదటి వానకే సగము మురుగుకాలువలో చేరును.

ఇక లెక్క. ఇది కొంచెము విసుగు పుట్టించును గాని, దీనిని తెలిసికొన్న యిల్లాలిని ఎవరును మోసగింపజాలరు. చూరుతో గలిపి ముప్పది యడుగుల పొడవు, ఇరువది యడుగుల వెడల్పు గల పెంకుటింటిని దీసికొందము. కప్పు వాలుగా నుండుటచేత దాని వైశాల్యము 600 గాక ఇంచుమించు 700 చదరపుటడుగులగును. చదరపు మీటరునకు 15 పెంకుల చొప్పున వేయికి కొంచెము తక్కువ పెంకులు పట్టును. ఒక్కొక్క పెంకు 2 మొదలు 3 కిలోల వరకు తూగును. కావున దూలములు, వాసములు గాక, ఒక్క పెంకులే రెండు మూడు టన్నులు. అదే యింటికి పెంకుకు బదులు నాలుగంగుళముల మందముగల సిమెంటు శ్లాబు ఉండి, దానిని పగులగొట్టవలసి వచ్చినచో, 600 చదరపుటడుగులకు 200 ఘనపుటడుగుల కాంక్రీటు వచ్చును. ఘనపుటడుగు 68 కిలోల చొప్పున అది పదమూడున్నర టన్నులు! పగిలిన ముక్కల నడుమ ఖాళీలు ఏర్పడుటచేత, 200 అడుగులున్నది 300 వరకు ఉబ్బును.

మన ప్రాంతములలో ఇసుకను, జల్లిని యూనిట్టు లెక్కన అమ్ముదురు గదా. యూనిట్టనగా 100 ఘనపుటడుగులు. సామాన్యమైన ట్రాక్టరు తొట్టిలో ఇంచుమించు నంతయే పట్టును. పై శ్లాబు రద్దు పరిమాణమునుబట్టి చూచిన మూడు తొట్లు. కాని నిండు తొట్టి కాంక్రీటు ముక్కలు నాలుగున్నర టన్నులు తూగును, తొట్టి మోయదగినది మూడు టన్నుల ప్రాంతము. అందుచేత నిజమునకు నాలుగైదు మారులు తిరుగవలసినదే. తొట్టి నిండకమునుపే బరువు నిండును. "మూడు ట్రిప్పులలో తేల్చివేయుదును" అని బేరము చేయువాడు ఇరుసు విఱుగునట్లు నింపును, లేదా దారిలో సగము జారవిడుచును. తక్కువ మారులు తిరుగుదునన్న వానిని జూచి సంతోషింపరాదు.

అమెరికాలో నీ పనికి వేఱొక పద్ధతి గలదు. అచ్చట స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారికి ఇది సుపరిచితము. ఇంటి కప్పు మార్చదలచినవారు ఒక పెద్ద యినుప పెట్టెను అద్దెకు దెప్పించి వాకిట పెట్టించుకొందురు. పనివాండ్రు పైనుండి దించిన దానినెల్ల అందులో వేయుదురు. నిండిన పిమ్మట లారీ వచ్చి పెట్టెను పెట్టెగనే ఎత్తుకొని పోవును. దానిని డంప్‌స్టర్ అందురు. 1930ల దశాబ్దమున టెన్నెసీ రాష్ట్రమందలి నాక్స్‌విల్ పట్టణమున డెంప్‌స్టర్ సోదరులు ఈ యేర్పాటును కనిపెట్టి తమ యింటిపేరునే దానికి తగిలించిరి. వారిలో జార్జి డెంప్‌స్టర్ తరువాత నా నగరమునకు మేయరుగా గూడ పనిచేసెను. ఇంటిపేరు చెత్తపెట్టెకు మిగిలిపోవుట కీర్తియో అపకీర్తియో చెప్పలేను గాని, ప్రపంచమునకు మేలు మాత్రము జరిగినది.

ఈ పెట్టెలు 10, 20, 30, 40 ఘనపు గజముల పరిమాణములలో దొరకును. గజమునకు 27 ఘనపుటడుగులు. క్రొత్తగా నద్దెకు దీసికొనువారు పెద్ద పెట్టె లాభమని భావింతురట. కాని అద్దెలో ఇన్ని దినములు, ఇన్ని టన్నులు అని హద్దు ఉండును. బరువు హద్దు మీరిన అదనపు సొమ్ము వసూలు చేయుదురు. అచ్చటి యిండ్లకు తారుతో చేసిన పలకలను కప్పుదురు. అవి పలుచగా కనిపించును గాని మిక్కిలి బరువైనవి. అందువలన పెద్ద పెట్టె సగము నిండునప్పటికే బరువు ముగిసిపోవును. పెట్టెను వీథిలో ఉంచదలచినచో పెక్కు నగరములలో పురపాలకుల యనుమతి పత్రము కావలయును. వాకిటి గచ్చు చెడకుండ పెట్టె క్రింద మ్రానిపలకలు పఱచుదురు. ఇవన్నియు మన ట్రాక్టరు తొట్టికిని వర్తించు మాటలే. అచ్చట వ్రాతపూర్వకముగా నున్నవి, ఇచ్చట నోటిమాటగా గూడ లేవు. భేదమంతయు ఇంతే.

తొట్టి మాట్లాడుటకు ముందు చేయవలసిన పని యొకటి గలదు. కప్పునుండి దిగినదంతయు రద్దు గాదు.

మనము బెంగుళూరు పెంకులని పిలుచునవి నిజమునకు మంగుళూరువి. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరున పెంకుల కార్ఖానాను నెలకొల్పిన పిమ్మట అవి దేశమంతట వ్యాపించినవి. పాత పెంకును త్రిప్పి చూచినచో అడుగున కార్ఖానా పేరు, ఊరిపేరు అచ్చొత్తి యుండును. మా కప్పునుండి దిగిన పెంకులను పిల్లలు రెండు దినములు చదువుకొనిరి. పెంకు మంచిదో కాదో తెలియుటకు వ్రేలి కణుపుతో తట్టి వినవలయును. ఖంగుమన్నచో గట్టిది, బొదబొదమన్నచో లోపల బీటవాఱినది. కన్ను కనిపెట్టలేని బీటను చెవి కనిపెట్టును. కుండ కొనునప్పుడు మనము చేయు పరీక్షయే యిది, మేస్త్రికి నేర్పనక్కరలేదు, మనమే చేసికొనవచ్చును. ఖంగుమనువానిని వేఱుగా పేర్పించితిమేని, మరమ్మతులకు వెదకుకొనువారు వచ్చి కొందురు. పాత అచ్చుపెంకునకు జత క్రొత్తవానిలో కుదురదు. అందుచేత వానికి గిరాకి యుండనే యుండును.

టేకు దూలములు, వాసములు పాతకలప వ్యాపారులకు వెలగలవి. బేరమునకు వచ్చినవాడు "చెదలు పట్టినది" అని పెదవి విఱుచుట సహజము. చివర ఒక అంగుళము కోయించి లోపలి చేవను చూపిన నతని మాట మారును. తాటివాసములకు అమ్మకము లేదు గాని పెరటి పందిళ్ళకు నికరముగా పనికివచ్చును. మేకులు, కమ్ములు, బందులు పాత యినుమువానికి. విఱిగిన పెంకులు, ఇటుకముక్కలు పల్లపు స్థలమున ఇల్లు కట్టువారికి పునాది నడుమ పూడ్చుటకు కావలయును. పూర్వము పెంకును ఇటుకను దంచి సున్నములో కలిపి సుర్కీ చేసెడివారు. ఇప్పుడు దంచువారు లేకున్నను, నేలక్రింద పఱచుటకు అడుగువారు మాత్రము ఉన్నారు. ఇరుగుపొరుగులలో ఇల్లు కట్టించుచున్న యిల్లాలిని ముందుగా అడిగి చూడుడు. మా పెంకుముక్కలలో చాలభాగము రెండు వీథుల యవతల ఒక యుపాధ్యాయుని గారి యింటి పునాదిలోనికి పోయినది. తోలు కూలి వారే యిచ్చుకొనిరి.

ఈ వేఱుపరచుట యంతయు కప్పు దించునప్పుడే జరుగవలయును. ఒక్కసారి కుప్పగా కలిసిన పిమ్మట దానిని విడదీయుటకు దించిన కూలికంటె నెక్కువ కూలి యగును. పెరటిలో నాలుగు చోట్ల సున్నముతో గీతలు గీసి, ఇది పెంకుకు, ఇది కలపకు, ఇది యినుమునకు, ఇది మట్టికి అని మొదటి దినముననే చూపవలయును. కూలీలు తొలుత నవ్వుదురు. మధ్యాహ్నమునకు అలవాటు పడుదురు.

ఇక రేకులను గూర్చి. ఇచ్చట కొంచెము నిలిచి చదువవలసినదని సోదరీమణులను ప్రార్థించుచున్నాను.

మన యిండ్లలో వంటశాలలకు, పశువుల సావళ్ళకు, ఎందరో పేదలకు నివాసమునకే వాడుచున్న బూడిదరంగు అలల రేకులలో చాలవరకు ఆస్‌బెస్టాస్ అను రాతినార సిమెంటుతో కలిసియుండును. చూచినంతమాత్రమున ఉన్నదో లేదో నిర్ణయింపజాలము. కావున పాత రేకు ఏదైనను ఉన్నదనియే భావించి మెలగవలయును. రేకు చెక్కుచెదరక కప్పున నున్నంతకాలము దానివలన భయము స్వల్పము. కోసినప్పుడు, తొలిచినప్పుడు, సుత్తితో కొట్టినప్పుడు, పైనుండి పడవైచి పగులగొట్టినప్పుడు దానిలోని నారలు కంటికి కనబడనంత సూక్ష్మముగా గాలిలోనికి లేచును. అవి ఊపిరితిత్తులలో చేరి తిరిగి వెలువడవు. ఇరువది, ముప్పది, నలువది యేండ్లకు వ్యాధి బయలుపడును. అన్ని రకముల ఆస్‌బెస్టాసును క్యాన్సరు కలిగించునదేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది. ఊపిరితిత్తులకు, వాని పైపొరకు, కంఠమునకు మాత్రమే గాదు, స్త్రీల అండాశయములకు గూడ. అరువదికి పైగా దేశములు దాని వాడుకను నిషేధించినవి. అమెరికాలో నేటికిని వాడుకలో మిగిలియున్న తెల్లరకమును సైతము 2024లో నిషేధించుచు నియమము చేసిరి. మన దేశమున దాని గనుల త్రవ్వకమును ఆపిరి గాని రేకుల తయారు ఆగలేదు.

మా సావడి రేకులను దించునాడు మా యత్తగారికిని నాకును చిన్న సంవాదము జరిగినది. ఆమె విఱిగిన రేకుముక్కలను కోళ్ళగూటికి, వానకాలమున పెరటి బాటకు దాచవలయునని పట్టుపట్టిరి. "అమ్మాయీ, ముప్పది యేండ్లు దీని క్రింద కాపురము చేసితిమి. మాకేమైనది?" అనిరి. "అత్తయ్యా, దాని క్రింద ఉన్నందులకు గాదు నా భయము. దానిని త్రొక్కి పొడి చేసినందులకు" అంటిని. ఆమె ఒప్పుకొనలేదు. సాయంకాలము వారి కుమారులు వచ్చి లండనునందు జరిగిన యొక పరిశోధన సంగతి చెప్పిన పిదప మౌనము వహించిరి. ఆ సంగతి మీకును చెప్పవలసినదే. 1965లో ప్రకటింపబడిన యా పరిశోధనలో ఈ వ్యాధితో మరణించినవారిలో కార్ఖానాలో నెన్నడును పనిచేయని స్త్రీలు కొందఱు కనబడిరి. వారు చేసినదెల్ల పనినుండి వచ్చిన తమ యింటివారి బట్టలనుదుకుట. బట్టలకంటిన దుమ్మే వారిని చేరినది. ఈ యొక్క మాట విన్న పిమ్మట, రేకులు దించిన యింట పొడి చీపురు పట్టుటకు నాకు చేయి రాలేదు.

చేయవలసినది కష్టమైన పని గాదు. రేకులను దించుటకు ముందు నీటితో బాగుగా తడుపవలయును. మఱను సుత్తితో కొట్టక పానాతో విప్పింపవలయును, తుప్పు పట్టినచో నూనె వేసి కాచుకొనవలయును. పైనుండి విసరివేయక ఇద్దఱు పట్టుకొని నిలువుగా దింపవలయును. రేకులపై నడువరాదు, అవి మనిషి బరువు మోయక చిట్లి పనివాండ్రు పడి మరణించిన సందర్భములు మన యూళ్ళలో ఎన్ని వినలేదు! దించినవానిని మందమైన ప్లాస్టిక్ పట్టాలో చుట్టి కట్టవలయును. ముక్కలను తడిపి సంచులలో మూతికట్టి ఉంచవలయును. నేలను ఊడ్వక తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడ సంచిలో వేయవలయును. పిల్లలను ఆ దినము బంధువుల యింటికి పంపుట మంచిది. పనివాండ్రకు మందుల దుకాణములలో దొరకు ఎన్-95 ముసుగులైన నీయవలయును. చీరకొంగును, తుండుగుడ్డను మూతికి కట్టుకొనుట ఈ దుమ్మునకు ఏ మాత్రమును అడ్డు గాదు. పనిబట్టలను ఇంటి బట్టలతో కలుపక వేఱుగా తడిపి ఉదుకవలయును. ఈ రేకులను పునాది పూడ్చుటకు గాని, బాటలకు గాని, ఇతర రద్దుతో కలిపి గాని ఈయరాదు. పురపాలక కార్యాలయమున అడిగి, వారు చూపిన చోటికే కట్టలు విప్పకుండ పంపవలయును. కార్యాలయమువారు మొదటి దినము "తెలియదు" అందురు. రెండవ దినము గూడ అడుగవలయును.

ఇప్పుడు ట్రాక్టరువానితో బేరము. ఎంత యని మాత్రమే మనము అడుగుదుము. అడుగవలసినవి మఱికొన్ని గలవు. ఎత్తిపోయు కూలి ఇందులో కలిసినదా, విడిగానా? ట్రిప్పునకు ఎంతవఱకు నింపును? పైన పట్టా కప్పునా? చివరకు మిగిలిన మట్టిని ఊడ్చి యెత్తునా? ఇవన్నియు ముగిసిన పిదప అన్నింటికంటె ముఖ్యమైనది: ఎక్కడ పోయును?

ఈ ప్రశ్నకు మా యింటికి మొదట వచ్చిన యతడు "అది మీకెందుకండీ అమ్మగారూ? మీ వాకిలి శుభ్రమైతే చాలదా?" అనెను. చాలదని అతనిని పంపివేసితిని. అందులకు కారణము గలదు. అంతకు రెండేండ్లకు ముందు మా యూరిలో ఒక పెద్ద మేడను దించిరి. ఆ రద్దు రాత్రికి రాత్రి ఊరిచివర మురుగుకాలువ తూము దగ్గఱ పడినది. ఆ మేడవారు సజ్జనులే. ట్రాక్టరువానికి అడిగినంత సొమ్మిచ్చిరి, రద్దు ఎక్కడికి పోయినదో వారెఱుగరు. శ్రావణమాసమున ఒక రాత్రి కుండపోతగా వాన కురిసినది. తూము మూసికొనిపోయి నీరు ఎదురుతన్ని పల్లమునందలి పూరియిండ్లలోనికి వచ్చినది. అందొక యింట పురిటి పదునొకండవ దినపు బాలింత యున్నది. మంచముతో సహా ఆమెను మోసికొనివచ్చి మా వారు పనిచేయు పాఠశాల వసారాలో నుంచిరి. తల్లియు బిడ్డయు బ్రతికిరి. వారి బియ్యము, బట్టలు, కుట్టుమిషను మిగులలేదు. ఆ మర్నాడు తూము వద్ద బయలుపడిన రాళ్ళలో మేడ కిటికీల పచ్చరంగు పూత గల సిమెంటు ముక్కలను ఊరంతయు జూచినది.

పల్లెటూరి తూము సంగతి యటుండ, మహానగరములలో నిదే కథ. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు కాలనీలు మునిగినప్పుడును, 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది యిండ్లలోనికి నీరు వచ్చినప్పుడును, చెఱువులను వాగులను పూడ్చి యిఱుకు చేసిన సంగతి అందఱి నోట వినబడినది. పూడ్చుటకు మన్ను ఆకాశమునుండి దిగలేదు గదా. ఎవరి వాకిటనో శుభ్రమైన రద్దే అచ్చటికి చేరినది.

కౌటిల్యుడు ఈ విషయమున మొగమాటము లేనివాడు. అర్థశాస్త్రమున నాగరకుని విధులు చెప్పుచు, వీథిలో మట్టి పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురదనీరు నిలిపినవానికి నాల్గవ వంతును దండనముగా విధించెను. రాజమార్గమున నైనచో రెట్టింపు. నేటి శాసనము కూడ ఇంచుమించు ఆ త్రోవనే నడచుచున్నది. 2016లో కేంద్రప్రభుత్వము కట్టడముల శిథిలములను గూర్చి ప్రత్యేక నియమములు చేసి, శిథిలము ఎవరిదో వారే దానిని వేఱుపరచి నియమిత స్థలమునకు చేర్పవలయుననియు, రాకపోకలకు గాని మురుగుకాలువలకు గాని అడ్డముగా పోయరాదనియు నిర్ణయించెను. 2025లో వానికి బదులుగా నూతన నియమములను ప్రకటించి, 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలగునట్లు చేసిరి. వానిలోని పెద్ద బాధ్యతలు 20,000 చదరపు మీటర్లు గాని, అంతకు మించి గాని గల కట్టడములకు సంబంధించినవి. మనబోటి చిన్న యిండ్లవారికి అవి వర్తింపకున్నను, కాలువలో పోయుటకు ఎవరికిని అనుమతి లేదు.

నియమిత స్థలమునకు పోయిన రద్దు ఏమగునో తెలిసిన మనకు కొంత యుత్సాహము కలుగును. 2009లో ఢిల్లీనందలి బురారీలో మొదటి శిథిల శుద్ధి కేంద్రము వెలసినది. హైదరాబాదున జీడిమెట్లలో దినమునకు 500 టన్నులను శుద్ధిచేయగల కేంద్రము 2020లో ప్రారంభమైనది, తరువాత ఫతుల్లాగూడలో మఱియొకటి. అచ్చట ఇనుమును కలపను ఏఱివేసి, ముక్కలను నలిపి, జల్లించి, కడిగి, జల్లిగను ఇసుకగను వేఱుచేయుదురు. వానితో కాలిబాటల పలకలు పోయుదురు. ఇట్టి జల్లిని సాదా కాంక్రీటులో నాల్గవ వంతు వఱకును, ఇనుపకమ్ముల కాంక్రీటులో అయిదవ వంతు వఱకును వాడవచ్చునని భారతీయ ప్రమాణముల సంస్థ 2016లో అంగీకరించినది. మన పాత శ్లాబు మఱియొకరి వాకిటి పలకగా పునర్జన్మ మెత్తునన్నమాట. ఆయా కేంద్రములు దగ్గఱగా నున్న పట్టణములవారు పురపాలకులకు తెలిపిన, టన్నుకింత యని రుసుము తీసికొని వారే తోలించుకొని పోవుదురు. చిన్న యూళ్ళవారు రద్దు పోయుటకు పంచాయతీవారు చూపు పల్లమును అడిగి తెలిసికొని, మొదటి ట్రిప్పు వెంట ఇంటివారెవరైన సైకిలుమీద పోయి చూచి వచ్చుట మంచిది. సొమ్ములో కొంత చివరి ట్రిప్పు వఱకు నిలిపియుంచుట గూడ మంచిది. మా రెండవ ట్రాక్టరతడు ఈ షరతునకు చిన్నబుచ్చుకొనలేదు. చెప్పిన చోటనే పోసి, చెప్పిన సొమ్ము తీసికొని పోయెను.

రద్దు ఎత్తు కూలీలలో సగముమంది స్త్రీలు. తట్ట నింపువాడు పురుషుడు, మోయునది స్త్రీ. ఆ నింపువాని చేతికి దయ యుండదు. తట్టకు ఇంత యని మనము గట్టిగా చెప్పిన వారు వినకపోరు. వారికి మజ్జిగ ఇచ్చుట మనకు అలవాటే. కాళ్ళకు చెప్పులున్నవో లేవో చూచుట మాత్రము అలవాటు లేదు. మేకులున్న బద్దలపై ఉత్తకాళ్ళతో నడచుదురు. మేకు గ్రుచ్చుకొన్న యెడల పసుపు అద్ది ఊరకుండక, ఆ దినమే ఆసుపత్రికి పంపి ధనుర్వాతపు సూదిమందు వేయింపవలయును.

పేర్చియుంచిన పెంకులను నేలపై గాక రెండు బద్దలమీద నిలువుగా, గోడకు ఎడముగా పేర్పవలయును. తేళ్ళు, జెఱ్ఱులు చేరుటకు పది దినములు చాలును. తీయునప్పుడు చేయి పెట్టకముందు కఱ్ఱతో కదపవలయును. అంతయు తోలించిన పిమ్మట వాకిలి ఊడ్చినను చిన్నమేకులు మట్టిలో మిగిలియుండును. అమెరికాలో నీ పనివాండ్రు చక్రములపై అమర్చిన పెద్ద అయస్కాంతమును నేలపై నడిపింతురు. మనకు పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతము చాలును. దానిని త్రాటికి కట్టి పిల్లలచేత వాకిలియు పెరడును నిలువుగా నొకసారి, అడ్డముగా నొకసారి ఈడ్పించితిమేని, ఎన్ని మేకులు తగులుకొని వచ్చినవో వారే లెక్కపెట్టి చెప్పుదురు. మా వాకిట నూటపదునేడు.